భాగం 11: విమాన స్థావరం నుండి సైనిక బ్యారక్‌ల వరకు – థోర్నీ ద్వీపం చరిత్ర

విషయక్రమం

11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 భౌగోళిక నేపథ్యం
11.3 స్థావర నిర్మాణం
11.4 రెండవ ప్రపంచ యుద్ధ కాలం
11.5 యుద్ధానంతర దశ, మూసివేత
11.6 మధ్యకాలం: శరణార్థులకు ఆశ్రయం
11.7 బేకర్ బ్యారక్స్
11.8 మార్పుకు కారణాలు
11.9 పోలిక: కిన్‌లాస్, లూకర్స్
11.10 ప్రజలు, ప్రకృతి
11.11 సారాంశం
11.12 ముఖ్య పదాలు
11.13 నమూనా పరీక్షా ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు
– ఒక తీరప్రాంత విమాన స్థావరం ఏ అవసరాల వల్ల ఏర్పడిందో వివరించగలుగుతారు.
– యుద్ధంలో ఆ స్థావరం పాత్రను, దాని పరిమితులను అంచనా వేయగలుగుతారు.
– విమానాలు వెళ్ళిపోయిన తరువాత అదే స్థలం సైన్యం చేతికి ఎందుకు వచ్చిందో విశ్లేషించగలుగుతారు.
– సైనిక భూవినియోగం స్థానిక ప్రజలపై, పర్యావరణంపై చూపే ప్రభావాన్ని చర్చించగలుగుతారు.

11.1 పరిచయం

సైనిక చరిత్ర అనగానే యుద్ధాలు, సేనానులు, ఒప్పందాలు మనకు గుర్తుకు వస్తాయి. కాని యుద్ధాలకు స్థలం కావాలి. సైనికులు నిద్రపోవడానికి, ఆయుధాలు దాచడానికి, విమానాలు ఎగరడానికి ప్రభుత్వం భూమిని సేకరిస్తుంది. యుద్ధం ముగిసిన తరువాత ఆ భూమి ఏమవుతుంది? తిరిగి పొలంగా మారుతుందా? ఊరివాళ్ళకు దక్కుతుందా? లేక ఒక దళం చేతినుండి మరొక దళం చేతికి మారుతుందా?

ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడానికి ఇంగ్లండు దక్షిణ తీరంలోని థోర్నీ ద్వీపాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 1938 నుండి 1976 వరకు ఇది బ్రిటిష్ రాజ వైమానిక దళానికి స్థావరంగా ఉంది. 1984 నుండి సైన్యానికి చెందిన ఫిరంగి దళం ఇక్కడ ఉంటోంది. నేడు దీని పేరు బేకర్ బ్యారక్స్. ఒకే నేల, అవే భవనాలు, అదే చుట్టుకంచె. దళం మాత్రం మారింది. ఈ మార్పు ఎలా జరిగిందో, ఎందుకు జరిగిందో ఈ భాగంలో తెలుసుకుంటారు.

11.2 భౌగోళిక నేపథ్యం

థోర్నీ ద్వీపం వెస్ట్ ససెక్స్ జిల్లాలో, చిచెస్టర్ హార్బర్ అనే సముద్రపు పాయల మధ్య ఉంది. దీనికి వాయవ్యంగా ఎమ్స్‌వర్త్ అనే చిన్న పట్టణం, పడమరగా పదిహేను కిలోమీటర్లలోపు దూరంలో పోర్ట్స్‌మత్ నౌకాస్థావరం ఉన్నాయి. గోదావరి లంకలను చూసినవారికి ఈ ప్రదేశాన్ని ఊహించుకోవడం సులభం. నేల చదునుగా, నీటిమట్టానికి కొద్ది ఎత్తులో ఉంటుంది. అయితే లంకను చుట్టుకునేది నది నీరు. థోర్నీని చుట్టుకునేది ఆటుపోట్లతో పెరిగి తగ్గే సముద్రపు నీరు. పోటు సమయంలో నీరు నిండుతుంది, ఆటు సమయంలో విశాలమైన బురద మేటలు బయటపడతాయి.

19వ శతాబ్దం రెండవ భాగం వరకు ఇది నిజమైన ద్వీపమే. ఆటు సమయంలో బురదలో నడిచి వెళ్ళే దారి తప్ప వేరే మార్గం లేదు. 1870 ప్రాంతంలో కరకట్టలు కట్టి, బురద నేలను సాగులోకి తెచ్చి, ద్వీపాన్ని ప్రధాన భూభాగంతో కలిపారు. గ్రేట్ డీప్ అనే సన్నని కాలువ మాత్రం మిగిలింది. ద్వీపానికి తూర్పు ఒడ్డున వెస్ట్ థోర్నీ అనే చిన్న ఊరు, అందులో మధ్యయుగాల నాటి సెయింట్ నికోలస్ చర్చి ఉన్నాయి. రైతులు, గుల్లల వేటగాళ్ళు, పడవలవాళ్ళు నివసించిన ఊరు ఇది.

ఈ భూగోళంలోనే తరువాతి చరిత్రకు బీజం ఉంది. చదునైన నేల విమానాలు దిగడానికి అనుకూలం. మూడువైపులా నీరు ఉండడంవల్ల కాపలా సులభం. ఎదురుగా ఇంగ్లిష్ చానల్, దానికి అవతల సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఫ్రాన్సు తీరంలోని షెర్‌బోర్గ్ ఉన్నాయి. జనాభా తక్కువ కాబట్టి భూసేకరణకు పెద్ద ప్రతిఘటన ఉండదు. సైనిక స్థావరాలకు తరచు మారుమూల తీరాలే ఎంపిక కావడానికి ఇవే కారణాలు.

11.3 స్థావర నిర్మాణం

జర్మనీలో 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. 1934 నుండి బ్రిటన్ తన వైమానిక దళాన్ని విస్తరించే పథకాలు చేపట్టింది. కొత్త విమానాలకు కొత్త స్థావరాలు కావాలి. థోర్నీ ద్వీపంలో 1935లో పనులు మొదలయ్యాయి. 1938 ఫిబ్రవరిలో స్థావరం ప్రారంభమైంది.

ఇదే కాలంలో వైమానిక దళం నిర్వహణలో కూడా ముఖ్యమైన మార్పు జరిగింది. 1936 జూలైలో దళాన్ని పని ప్రాతిపదికన వేర్వేరు కమాండులుగా విభజించారు. శత్రువుపై బాంబులు వేసేది బాంబర్ కమాండు. దేశ గగనతలాన్ని కాపాడేది ఫైటర్ కమాండు. సముద్రంపై గస్తీ తిరిగి శత్రు నౌకలను, జలాంతర్గాములను వెతికి దాడిచేసేది కోస్టల్ కమాండు. థోర్నీ ద్వీపం ఈ మూడవదానికి చెందింది. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి, 11.4లో దీని అవసరం ఉంటుంది.

1938 మార్చిలో 22వ, 42వ స్క్వాడ్రన్లు ఇక్కడికి వచ్చాయి. వాటి వద్ద విల్డెబీస్ట్ అనే టార్పెడో విమానాలు ఉండేవి. రెండు అంతస్తుల రెక్కలుగల ఈ విమానం గరిష్ఠ వేగం గంటకు సుమారు 230 కిలోమీటర్లు మాత్రమే. అప్పటికే కాలంచెల్లిన యంత్రం అది. యుద్ధం ప్రారంభమైన తరువాత, 1939 చివరలో, 22వ స్క్వాడ్రన్‌కు ఇక్కడే బ్యూఫర్ట్ అనే కొత్త టార్పెడో విమానాలు అందాయి.

భవనాల సంగతి కూడా గమనించాలి. మొదటి ప్రపంచ యుద్ధంనాటి విమాన స్థావరాలు చాలావరకు చెక్కతో, గుడ్డ డేరాలతో తాత్కాలికంగా కట్టినవి. 1930లలో కట్టినవి అలా కాదు. ఇటుకతో కట్టిన సైనికుల నివాసాలు, అధికారుల భోజనశాల, కుటుంబాల ఇళ్ళు, వైద్యశాల, కర్మాగారం, సి-తరహా హ్యాంగర్లు అన్నీ శాశ్వత నిర్మాణాలే. ఒక్కో హ్యాంగరు సాధారణంగా 90 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు, 10 మీటర్లకు పైగా ఎత్తు ఉండేది. లోపల ఒక్క స్తంభం కూడా అడ్డు ఉండదు. విమానాల కోసం కట్టిన ఈ విశాలమైన కప్పులు అరవై, డెబ్బై సంవత్సరాల తరువాత వాహనాలకు, క్షిపణి వాహకాలకు కూడా పనికివస్తాయని కట్టినవారు ఊహించి ఉండరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. థోర్నీ ద్వీపం ప్రధాన భూభాగంతో ఎలా కలిసింది?
2. 1936లో బ్రిటిష్ వైమానిక దళంలో జరిగిన నిర్వహణాపరమైన మార్పు ఏమిటి?
3. 1930లనాటి స్థావరాల నిర్మాణం అంతకుముందు వాటికన్నా ఎలా భిన్నమైనది?

11.4 రెండవ ప్రపంచ యుద్ధ కాలం

11.4.1 1940 ఆగస్టు 18

1940 వేసవిలో ఫ్రాన్సు ఓడిపోయింది. దానితో చానల్ అవతలి తీరం మొత్తం జర్మనీ చేతికి చిక్కింది. బ్రిటన్‌పై దండెత్తాలంటే ముందుగా బ్రిటిష్ యుద్ధ విమానాలను నిర్మూలించాలి. ఈ ఉద్దేశంతో జర్మన్ వైమానిక దళం దక్షిణ ఇంగ్లండులోని స్థావరాలపై దాడులు సాగించింది.

ఆగస్టు 18న మధ్యాహ్నం స్టూకా అనే పేరుతో ప్రసిద్ధమైన జె.యు.-87 విమానాలు 109 దక్షిణ తీరంపైకి వచ్చాయి. అవి నిటారుగా కిందికి దూకుతూ బాంబులు వేస్తాయి. లక్ష్యాలు నాలుగు: గోస్‌పోర్ట్, ఫోర్డ్ విమాన స్థావరాలు, పోలింగ్ రాడార్ కేంద్రం, థోర్నీ ద్వీపం. థోర్నీపైకి వచ్చినవి 28. హ్యాంగర్లు దెబ్బతిన్నాయి. అయితే దాడిచేసినవారికి కూడా భారీ నష్టం జరిగింది. సమీప స్థావరాలనుండి లేచిన హరికేన్ విమానాలు వాటిని తరిమాయి. ఆ రోజు స్టూకా విమానాలు సుమారు 16 కూలిపోయాయి. ఈ దాడి తరువాత బ్రిటన్‌పై పెద్ద ఎత్తున స్టూకాలను పంపడం జర్మనీ దాదాపుగా మానుకుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. జర్మనీ లక్ష్యం బ్రిటన్ ఫైటర్ కమాండును దెబ్బతీయడం. కాని గోస్‌పోర్ట్, ఫోర్డ్, థోర్నీ ద్వీపం మూడింటిలో ఏదీ ఫైటర్ కమాండుకు చెందిన స్థావరం కాదు. థోర్నీ కోస్టల్ కమాండుది, ఫోర్డ్ నౌకాదళానిది. అంటే అసలు లక్ష్యానికి సంబంధంలేని చోట్ల జర్మనీ తన బలగాన్ని ఖర్చుచేసింది. నాలుగింటిలో నిజంగా వ్యూహాత్మక ప్రాధాన్యం ఉన్నది పోలింగ్ రాడార్ కేంద్రం ఒక్కటే. శత్రు స్థావరం ఎక్కడ ఉందో తెలిస్తే చాలదు, అది ఏ పని చేస్తుందో కూడా తెలియాలి. గూఢచార సమాచారం లోపించినప్పుడు బలం ఎంత ఉన్నా వృథా అవుతుందనడానికి చరిత్రకారులు ఈ రోజును ఉదాహరణగా చూపుతారు.

11.4.2 1941–42: సముద్రంపై పోరాటం

1941లో కెనడా వైమానిక దళానికి చెందిన 404, 407, 415 స్క్వాడ్రన్లు మూడూ థోర్నీ ద్వీపంలోనే ఏర్పడ్డాయి. సామ్రాజ్యంలోని వివిధ దేశాల యువకులు ఇక్కడికి వచ్చి శిక్షణ పొంది, ఇక్కడినుండే గస్తీకి వెళ్ళారు. తిరిగిరానివారు చాలామంది.

1942 ఫిబ్రవరి 12న జరిగిన సంఘటన ఈ స్థావరం పరిమితులను చూపుతుంది. ఫ్రాన్సులోని బ్రెస్ట్ ఓడరేవులో ఉన్న జర్మన్ యుద్ధనౌకలు షార్న్‌హార్స్ట్, గ్నైజెనౌ, ప్రింజ్ ఓయిగెన్ పట్టపగలే ఇంగ్లిష్ చానల్‌ను దాటి స్వదేశానికి బయలుదేరాయి. బ్రిటిష్‌వారు వాటిని ఆలస్యంగా గుర్తించారు. చానల్‌కు దగ్గరగా ఉన్న బ్యూఫర్ట్ టార్పెడో విమానాలు థోర్నీలోని 217వ స్క్వాడ్రన్‌వే; అవి ఏడు మాత్రమే. వాటిలో కొన్నింటికి టార్పెడోలకు బదులు బాంబులు అమర్చి ఉన్నాయి. వెంటనే లేవగలిగినవి నాలుగు. తోడు రావలసిన యుద్ధ విమానాలతో వాటికి సమన్వయం కుదరలేదు. టార్పెడో ఒక్కటికూడా తగలకుండా నౌకలు చానల్‌ను దాటిపోయాయి. తీరంలో స్థావరం ఉన్నంత మాత్రాన తీరం మీద పట్టు ఉన్నట్లు కాదని ఈ సంఘటన తెలిపింది.

థోర్నీ చరిత్రకు, మన తీరానికి కూడా ఒక సంబంధం ఉంది. 1942 ఏప్రిల్‌లో జపాన్ నౌకాదళం హిందూ మహాసముద్రంలోకి వచ్చింది. 5వ తేదీన కొలంబోపై, 6వ తేదీన విశాఖపట్నం, కాకినాడలపై, 9వ తేదీన ట్రింకోమలీపై బాంబులు పడ్డాయి. బంగాళాఖాతంలో జపాన్ నౌకలను ఎదుర్కోగల టార్పెడో విమానాలు అప్పుడు దాదాపుగా లేవు. ఆ లోటును పూడ్చడానికి ఆ సంవత్సరంలో సింహళానికి పంపిన స్క్వాడ్రన్లు 22, 42, 217. ఈ మూడూ ఒకప్పుడు థోర్నీ ద్వీపం నుండి ఎగిరినవే. ఇంగ్లండు బురద మేటల పక్కన మొదలైన అనుభవం మన సముద్రానికి కాపలాగా వచ్చిందన్నమాట.

11.4.3 1944: దండయాత్రకు సన్నాహం

1944లో స్థావరం పాత్ర మారింది. నార్మండీ దండయాత్రకోసం దక్షిణ తీరంలోని స్థావరాలన్నీ నిండిపోయాయి. టైఫూన్ విమానాలుగల 164, 183, 198, 609 స్క్వాడ్రన్లు ఇక్కడినుండి ఫ్రాన్సులోని రాడార్ కేంద్రాలు, రోడ్లు, ట్యాంకులపై రాకెట్లతో దాడులు చేశాయి. తరువాత మస్కిటో విమానాలు వచ్చాయి. సేనలు ఫ్రాన్సులోకి చొచ్చుకుపోయిన కొద్దీ విమానాలు కూడా అక్కడి తాత్కాలిక మైదానాలకు తరలిపోయాయి. యుద్ధరంగం దూరమైతే స్థావరం ప్రాధాన్యం తగ్గుతుంది. ఈ సూత్రం 1944లోనే కనిపించింది. ముప్పై సంవత్సరాల తరువాత మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

11.5 యుద్ధానంతర దశ, మూసివేత

యుద్ధం ముగిసిన తరువాత థోర్నీ ప్రధానంగా శిక్షణ కేంద్రంగా మారింది. 1950లలో నావిగేటర్లకు, అంటే విమానానికి దారి చూపే సిబ్బందికి, ఇక్కడ శిక్షణ ఇచ్చారు. 1955 ఫిబ్రవరిలో 22వ స్క్వాడ్రన్ మళ్ళీ ఇక్కడే ప్రాణం పోసుకుంది. ఈసారి దాని పని దాడి కాదు, రక్షణ. వర్ల్‌విండ్ హెలికాప్టర్లతో సముద్రంలో చిక్కుకున్నవారిని కాపాడడం దాని బాధ్యత. నౌకలను ముంచడానికి ఇక్కడికి వచ్చిన స్క్వాడ్రన్, పదిహేడేళ్ళ తరువాత మునుగుతున్నవారిని తేల్చడానికి అదే చోట తిరిగి ఏర్పడింది.

1960లలో రవాణా విమానాల సిబ్బందికి శిక్షణ ఇచ్చే 242వ విభాగం వచ్చింది. ఆర్గసీ, ఆండోవర్, హెర్క్యులెస్ వంటి పెద్ద విమానాలు ఇక్కడి రన్‌వేపై దిగేవి. దూరదేశాల్లోని బ్రిటిష్ సైనికులకు సరుకులు, మనుషులను చేరవేయడం వీటి పని.

కాని ఆ దూరదేశాల అవసరమే తగ్గిపోయింది. సూయెజ్‌కు తూర్పున ఉన్న స్థావరాలలో అధికభాగాన్ని 1971 నాటికి బ్రిటన్ ఖాళీ చేసింది. 1973 చమురు సంక్షోభం తరువాత ప్రభుత్వ ఖర్చు తగ్గించాల్సిన అవసరం ఏర్పడింది. 1974–75లో జరిగిన రక్షణ సమీక్షలో రవాణా విమానాల బలగాన్ని సుమారు సగానికి తగ్గించాలని నిర్ణయించారు. విమానాలు తగ్గితే స్థావరాలు కూడా తగ్గాలి. మిగిలిన హెర్క్యులెస్ కార్యకలాపాలు లైనమ్‌కు చేరాయి. 1976 మార్చి 31న థోర్నీ ద్వీపం వైమానిక స్థావరం మూతపడింది.

యుద్ధంలో బాంబులు మూయలేని స్థావరాన్ని ఒక బడ్జెట్ నిర్ణయం మూసివేసింది. స్థావరాల జీవితకాలాన్ని నిర్ణయించేది ఎక్కువగా శత్రువు కాదు, ప్రభుత్వ విధానం.

11.6 మధ్యకాలం: శరణార్థులకు ఆశ్రయం

1976 నుండి 1984 వరకు ఎనిమిది సంవత్సరాలు ఈ స్థావరానికి శాశ్వతమైన సైనిక వినియోగం లేదు. ఈ కాలాన్ని చాలా పుస్తకాలు ఒక్క వాక్యంతో దాటవేస్తాయి. కాని ఈ కథలో మానవీయమైన ఘట్టం ఇదే.

1975లో వియత్నాం యుద్ధం ముగిసిన తరువాత లక్షలమంది ఆ దేశాన్ని వదిలి చిన్న పడవలలో సముద్రం మీదికి వచ్చారు. 1979 జూలైలో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో బ్రిటన్ పదివేలమంది వియత్నాం శరణార్థులను స్వీకరించడానికి అంగీకరించింది. వారిని ఎక్కడ ఉంచాలి? నగరాలలో ఇళ్ళు సిద్ధంగా లేవు. ఖాళీగా ఉన్న సైనిక శిబిరాలు ఉన్నాయి. ఆ విధంగా థోర్నీ ద్వీపం, హాంప్‌షైర్‌లోని సోప్లీ పాత వైమానిక శిబిరం వంటివి శరణార్థుల స్వాగత కేంద్రాలయ్యాయి. సైనికులు నిద్రించిన గదులలో కుటుంబాలు కాపురం పెట్టాయి. ఇక్కడ కొంతకాలం ఉండి, ఇంగ్లిష్ నేర్చుకుని, దేశంలోని వివిధ పట్టణాలకు వారు తరలివెళ్ళారు.

ఈ వినియోగంలో రెండు ముఖాలు ఉన్నాయి. ఒకవైపు, వెంటనే కప్పు, మంచం, వంటశాల అందాయి. మరొకవైపు, కంచెలోపల, ఊరికి దూరంగా, సముద్రపు గాలిలో ఉన్న పాత సైనిక శిబిరం ఒక కొత్త దేశాన్ని పరిచయం చేసుకోవడానికి అనువైన చోటు కాదు. పనులు, బంధువులు, బజారు అన్నీ వేరేచోట ఉన్నాయి. స్థావరానికి అనుకూలమైన ఏకాంతమే శరణార్థికి ఇబ్బంది. ఒకే భౌగోళిక లక్షణం ఎవరి దృష్టితో చూస్తే ఎలా మారుతుందో ఇది తెలుపుతుంది.

11.7 బేకర్ బ్యారక్స్

1984లో థోర్నీ ద్వీపం సైన్యంలోని రాయల్ ఆర్టిలరీకి, అంటే ఫిరంగి దళానికి దక్కింది. కొత్త పేరు బేకర్ బ్యారక్స్. ఫీల్డ్ మార్షల్ సర్ జెఫ్రీ బేకర్ ఫిరంగి దళంలో ఎదిగి, 1968 నుండి 1971 వరకు బ్రిటిష్ సైన్య ప్రధానాధిపతిగా పనిచేశాడు. పేరు మార్పు కేవలం లాంఛనం కాదు. వైమానిక స్థావరాలకు సాధారణంగా ఊరి పేరు ఉంటుంది. సైనిక బ్యారక్‌లకు సేనాని పేరో, యుద్ధం పేరో పెట్టడం ఆనవాయితీ. పేరును బట్టే యజమాని ఎవరో తెలిసిపోతుంది.

తరువాతి కాలంలో ఇక్కడ గగనతల రక్షణ దళాలు స్థిరపడ్డాయి. 12వ రెజిమెంటు వద్ద స్టార్‌స్ట్రీక్ అనే స్వల్పదూర క్షిపణులు ఉన్నాయి. 16వ రెజిమెంటు 2014లో నార్త్ లఫెన్‌హామ్ నుండి ఇక్కడికి వచ్చింది. చాలాకాలం రేపియర్ క్షిపణులను వాడిన ఈ రెజిమెంటుకు వాటి స్థానంలో స్కై సేబర్ అనే కొత్త వ్యవస్థ 2021 చివరలో అందడం మొదలైంది. 1940లో పైనుండి వచ్చిన విమానాలను ఆపలేక దెబ్బతిన్న నేలమీద, నేడు పైనుండి వచ్చే విమానాలను ఆపడమే వృత్తిగా గల సైనికులు ఉంటున్నారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. 1940 ఆగస్టు 18 దాడిలో జర్మన్ గూఢచార లోపం ఏమిటి?
2. 1976లో స్థావరం మూతపడడానికి దారితీసిన విధాన నిర్ణయాలను తెలపండి.
3. శరణార్థుల కేంద్రంగా ఈ స్థావరానికి ఉన్న అనుకూలత, ప్రతికూలత ఏవి?

11.8 మార్పుకు కారణాలు

విమానాలు వెళ్ళిపోయిన స్థావరం సైన్యానికి ఎందుకు నచ్చుతుంది? నాలుగు కారణాలను గుర్తించవచ్చు.

(అ) నివాస సౌకర్యం: ఒక రెజిమెంటులో వందలాది సైనికులు, వారి కుటుంబాలు ఉంటాయి. పడకగదులు, భోజనశాలలు, ఇళ్ళు, ఆటస్థలాలు, వైద్యశాల కొత్తగా కట్టాలంటే చాలా ఖర్చు. వైమానిక స్థావరంలో ఇవన్నీ ముందే ఉన్నాయి.

(ఆ) హ్యాంగర్లు, కాంక్రీటు నేల: హ్యాంగర్లలో లారీలు, క్షిపణి వాహనాలు, విడిభాగాలు ఉంచవచ్చు. రన్‌వేలు, విమానాలు నిలిపే చప్టాలు వాహన శిక్షణకు, కవాతుకు ఉపయోగపడతాయి.

(ఇ) భద్రత: కంచె, కాపలా గది, ప్రవేశద్వారం సిద్ధంగా ఉన్నాయి. థోర్నీ విషయంలో మూడువైపులా నీరు అదనపు రక్ష.

(ఈ) యాజమాన్యం: భూమి అప్పటికే రక్షణ శాఖ చేతిలో ఉంది. కొత్తగా సేకరించనవసరం లేదు, ప్రజలతో వివాదం ఉండదు. ఒక శాఖ పుస్తకంనుండి మరొక శాఖ పుస్తకానికి మారిస్తే సరిపోతుంది.

ఈ నాలుగింటిలో చివరిది అతి ముఖ్యమైనది. 1935లో ముంచుకొస్తున్న యుద్ధం పేరుతో తీసుకున్న భూమి, ఆ ముప్పు తొలగిన తరువాత కూడా రాజ్యం చేతిలోనే ఉండిపోయింది. అవసరం మారింది కాని యాజమాన్యం మారలేదు. దీనిని సైనిక భూమి కొనసాగింపు అనవచ్చు. ఇది తప్పా, ఒప్పా అనేది వేరే చర్చ. భూమిని తిరిగి ఇస్తే అక్కడ కాలుష్యాన్ని శుభ్రపరచాలి, కరకట్టలను ఎవరో ఒకరు కాపాడాలి. సైన్యం ఉంటే ఆ బాధ్యత దానిదే. మరోవైపు, స్థానికులకు ఆ భూమిమీద మాట చెల్లదు. రెండు పక్షాలనూ తూచి చూడడం విద్యార్థి బాధ్యత.

11.9 పోలిక: కిన్‌లాస్, లూకర్స్

థోర్నీ ఒంటరి ఉదాహరణ కాదు. స్కాట్లండు తూర్పు తీరంలో ఇటీవలి కాలంలో ఇటువంటి మార్పులు రెండు జరిగాయి.

కిన్‌లాస్ 1939లో ప్రారంభమైన స్థావరం. నిమ్రాడ్ అనే సముద్ర గస్తీ విమానాలకు ఇది దశాబ్దాలపాటు కేంద్రం. 2010 అక్టోబరులో వచ్చిన రక్షణ సమీక్షలో కొత్త నిమ్రాడ్ పథకాన్నే రద్దుచేశారు. విమానం లేకపోతే స్థావరం ఎందుకు? మోరే ప్రాంత ప్రజలకు అది జీవనాధారం. పక్కనే ఉన్న లాసీమౌత్ స్థావరం కూడా పోతుందేమోనన్న భయంతో వేలమంది వీధుల్లోకి వచ్చి ప్రదర్శన జరిపారు. 2011 జూలైలో ప్రభుత్వం లాసీమౌత్‌ను కొనసాగించి, లూకర్స్‌ను సైన్యానికి ఇవ్వాలని నిర్ణయించింది. 2012లో 39వ ఇంజినీర్ రెజిమెంటు వాటర్‌బీచ్ నుండి కిన్‌లాస్‌కు వచ్చింది. లూకర్స్ 2015లో సైన్యానికి బదిలీ అయింది.

థోర్నీతో పోల్చినప్పుడు మూడు తేడాలు కనిపిస్తాయి. మొదటిది, థోర్నీలో మూసివేతకూ సైన్యం రాకకూ మధ్య ఎనిమిదేళ్ళ ఖాళీ ఉంది. స్కాట్లండులో ఖాళీ దాదాపు లేదు. రెండవది, స్కాట్లండులో స్థానికుల ఉపాధి బహిరంగ రాజకీయ చర్చకు వచ్చింది. సైన్యం రాకవల్ల దుకాణాలు, బడులు నిలబడ్డాయి. కాని వైమానిక సాంకేతిక నైపుణ్యంగల కుటుంబాలు వెళ్ళిపోయాయి. మూడవది, కిన్‌లాస్, లూకర్స్‌లలో రన్‌వేలను వాడదగిన స్థితిలో ఉంచారు. దీని ప్రయోజనం 2020లో తెలిసింది. లాసీమౌత్ రన్‌వే పనులు జరుగుతుండగా, బ్రిటన్ కొనుగోలు చేసిన మొదటి పొసైడాన్ సముద్ర గస్తీ విమానం ఆ సంవత్సరం ఫిబ్రవరిలో కిన్‌లాస్ బ్యారక్స్‌లోనే దిగింది. పదేళ్ళక్రితం అనవసరమని వదులుకున్న పనికి మళ్ళీ విమానాలు కొనవలసి వచ్చింది. అవి దిగడానికి పాత నేలే దిక్కయింది.

11.10 ప్రజలు, ప్రకృతి

వెస్ట్ థోర్నీ ఊరు నేటికీ స్థావరం కంచె లోపలే ఉంది. సెయింట్ నికోలస్ చర్చి ఆవరణలో యుద్ధంలో మరణించిన కామన్వెల్త్ వైమానికుల సమాధులు ఉన్నాయి. వాటి దగ్గరలోనే ఇదే పరిసరాలలో మరణించిన జర్మన్ వైమానికుల సమాధులు కూడా ఉన్నాయి. రెండింటినీ ఒకే శ్రద్ధతో చూస్తారు.

ద్వీపం చుట్టూ కరకట్టమీద ప్రజలు నడిచే హక్కుగల కాలిబాట ఉంది. ఎమ్స్‌వర్త్ నుండి చుట్టి రావడానికి సుమారు 11–12 కిలోమీటర్లు. స్థావరం సరిహద్దు దగ్గర గేటు ఉంటుంది. మీట నొక్కి, మైకులో వివరాలు చెబితే గేటు తెరుచుకుంటుంది. బాట దాటి పక్కకు వెళ్ళరాదు. రాజ్య భద్రత, పౌరుల నడకహక్కు రెండూ ఒక్క గేటు దగ్గర రాజీపడ్డాయి.

చిచెస్టర్ హార్బర్‌ను 1964లో విశిష్ట ప్రకృతి సౌందర్య ప్రాంతంగా ప్రకటించారు. థోర్నీ దక్షిణ కొసన ఉన్న పిల్సీ దీవి పక్షి సంరక్షణ కేంద్రం. శీతాకాలంలో బ్రెంట్ బాతులు, బురదలో మేత వెతుక్కునే పక్షులు వేల సంఖ్యలో ఇక్కడికి వస్తాయి. సైనిక నిషేధంవల్ల హోటళ్ళు, విహారగృహాలు ఈ ద్వీపంలో వెలియలేదు. పక్షులకోసం కాకపోయినా, కంచె పక్షులకు మేలు చేసింది. చరిత్రలో ఉద్దేశం ఒకటి, ఫలితం మరొకటి కావడానికి ఇది మంచి ఉదాహరణ.

11.11 సారాంశం

థోర్నీ ద్వీపం వైమానిక స్థావరం 1938లో సముద్ర గస్తీ అవసరాలకోసం ఏర్పడింది. 1940లో పొరపాటు అంచనాతో వచ్చిన జర్మన్ దాడిని తట్టుకుంది. 1941–44 మధ్య నౌకలపై దాడులకు, తరువాత నార్మండీ దండయాత్రకు ఉపయోగపడింది. యుద్ధానంతరం శిక్షణ, రక్షణ, రవాణా పనులు సాగాయి. సామ్రాజ్యం కుంచించుకుపోయి, ఖర్చు తగ్గించవలసి రావడంతో 1976లో మూతపడింది. కొంతకాలం వియత్నాం శరణార్థులకు ఆశ్రయమిచ్చి, 1984లో బేకర్ బ్యారక్స్‌గా సైన్యానికి చేరింది. స్థలం, భవనాలు, భద్రత, యాజమాన్యం ఈ మార్పును సులభం చేశాయి. ప్రతి దశలోనూ నిర్ణయం రాజధానిలో జరిగింది. ఫలితం మాత్రం ఆ ద్వీపంలో బతికినవారు అనుభవించారు. సైనిక స్థలాల చరిత్రను చదివేటప్పుడు ఈ రెండు చోట్లనూ కలిపి చూడాలి.

11.12 ముఖ్య పదాలు

స్క్వాడ్రన్: ఒక అధికారి కింద ఉండే విమానాల, సిబ్బంది దళం.
రెజిమెంటు: సైన్యంలో స్థిరమైన పేరు, సంప్రదాయం గల దళం.
టార్పెడో: నీటిలో ప్రయాణించి నౌకను ఢీకొని పేలే ఆయుధం.
హ్యాంగరు: విమానాలను నిలిపే, మరమ్మతు చేసే పెద్ద షెడ్డు.
రక్షణ సమీక్ష: దేశ రక్షణ అవసరాలను, ఖర్చును ప్రభుత్వం తిరిగి అంచనావేసే ప్రక్రియ.
సైనిక భూవినియోగం: భూమిని సైనిక అవసరాలకు వాడుకోవడం, దాని పర్యవసానాలు.

11.13 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. థోర్నీ ద్వీపం వైమానిక స్థావరంగా ఎదిగి, మూతపడిన క్రమాన్ని వివరించండి.
2. విమాన స్థావరాలు సైనిక బ్యారక్‌లుగా మారడానికి గల కారణాలను థోర్నీ, కిన్‌లాస్ ఉదాహరణలతో విశ్లేషించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1942 ఫిబ్రవరి 12 సంఘటన ఏ లోపాలను బయటపెట్టింది?
2. థోర్నీ స్క్వాడ్రన్లకు, హిందూ మహాసముద్ర రక్షణకు గల సంబంధం ఏమిటి?
3. సైనిక ఆంక్షలు ప్రకృతికి చేసిన మేలును, ప్రజలకు కలిగించిన పరిమితిని చర్చించండి.

III. అభ్యాసకృత్యం
మీ జిల్లాలో ఒకప్పుడు ప్రభుత్వం ఒక అవసరానికి సేకరించి, తరువాత మరొక అవసరానికి వాడుతున్న భూమిని ఎంచుకోండి. అది ఎప్పుడు, ఎందుకు సేకరించారో, వినియోగం ఎలా మారిందో, చుట్టుపక్కల పెద్దలను అడిగి రెండు పుటలలో రాయండి. సంప్రదింపు తరగతిలో మీ కౌన్సిలర్‌తో చర్చించండి.